ఓరిన్ బావ తుప్పు చేతులు

మా ఓరిన్ బావ ముట్టుకుంటే ఇనుము తుప్పు పట్టేది. ఎగతాళికి అంటున్న మాట కాదు ఇది. జేబులో చాకు, తలుపు గొళ్ళెం, మా అక్క మాంసం కోసే కత్తి, ఏది పట్టుకున్నా సరే, మర్నాటికల్లా దాని మీద అతని వేళ్ళ గుర్తులు ఎర్రగా లేచేవి. బొటనవేలి గీతలతో సహా లెక్కపెట్టుకోవచ్చు. డాక్టరు చూసి రోగమేమీ లేదన్నాడు. కొందరి చెమట అంతేనట. నా చెమటకు ఆవులు కూడా మూతి తిప్పుకుంటాయి గాని ఇనుముకు మాత్రం ఏమీ కాదు. ఎవరి ఖర్మ వాళ్ళది.

మరో ఊళ్ళో పుట్టి ఉంటే ఆ చేతుల వల్ల బావకు వచ్చే నష్టం ఏమీ ఉండేది కాదు. పాలు పితుక్కుని బతికేవాడు, నాలాగా. కానీ మాది వెర్మాంట్‌లో హార్లో ఫాల్స్. కొండ మీద పాడి, కింద ఏటి ఒడ్డున యంత్రాలు తయారుచేసే ఫ్యాక్టరీ. కొండ మీద పుట్టిన ప్రతి మగపిల్లాడికీ ఒకప్పుడు ఒకటే కల, ఆ ఫ్యాక్టరీ టూల్‌రూమ్‌లో అప్రెంటీసుగా చేరడం. వెంట్రుకను చీల్చి చీల్చి ఇంకా చీల్చితే ఎంతో, అంత తేడాను పట్టుకునే ఉక్కు కొలత ముక్కలు, గేజీలు, చేసే గది అది. అందులో పనిచేసేవాడు చర్చిలో ముందు వరసలో కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు.

ఆ గదిలోకి వెళ్ళాలంటే ఒక పరీక్ష ఉండేది. చెయ్యి పరీక్ష అనేవాళ్ళు. అద్దంలా మెరుగుపెట్టిన ఉక్కు దిమ్మ ఒకటి మేస్త్రీ నీ చేతిలో పెడతాడు. పిడికిలి బిగించి పట్టుకోవాలి. అతను పైపు కాలుస్తూ మీ నాన్న ఎలా ఉన్నాడు, గడ్డి ఎంత కోశారు అంటూ లోకాభిరామాయణం మాట్లాడతాడు. పైపు ఆరిపోయాక దిమ్మను తుడవకుండా అలాగే సొరుగులో పెట్టి తాళం వేస్తాడు. శుక్రవారం పట్టుకుంటే సోమవారం తీస్తారు. దిమ్మ తెల్లగా ఉంటే లోపలికి రావచ్చు. ఎర్రగా ఉంటే, బాబూ, నీకో దణ్ణం.

బావ పట్టుకున్న దిమ్మ మీద అరచెయ్యి అరచెయ్యంతా అచ్చు పడిందట. ఆ రోజు నుంచి అతను 'తుప్పు ఓరిన్' అయ్యాడు. ఫౌండ్రీలోకి పంపారు. ఇసుక అచ్చుల్లో ఇనుము పోసే చోటు అది. అక్కడి సరుకు ఎలాగూ గరుకుగా, మురికిగా ఉంటుంది కాబట్టి ఎవరి చెమటా దాన్నేమీ చెయ్యదు. ఒకే కప్పు కింద, ఒక గోడకు ఇటు ఫౌండ్రీ, అటు టూల్‌రూమ్. పాతికేళ్ళకు పైగా బావ ఆ గోడకు ఇటువైపే ఉండిపోయాడు.

చేతి తొడుగులు వేసుకుని పనిచెయ్యొచ్చుగా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. తిరిగే యంత్రం దగ్గర తొడుగు వేసుకుంటే తొడుగుతోపాటు చెయ్యి కూడా పోతుందని చెప్పి, ఇలాంటి ప్రశ్న పాలవాడే అడుగుతాడన్నట్టు చూశాడు.

అతనికి ఇంకో విద్య అబ్బింది మాత్రం నా కొట్టంలోనే. మార్చి నెలలో మేపుల్ చెట్లకు బకెట్లు కట్టి, వాటిలోంచి కారే నీటిని పెద్ద పెనం మీద మరిగించి పాకం తీస్తాం మేము. ఆ పదిహేను ఇరవై రోజులూ కొట్టం నిండా ఆవిరే. మనిషికి మనిషి కనపడడు. కబుర్లకని వచ్చిన బావ పొయ్యి మీదికి వంగితే, జేబులోంచి ఉక్కు మీద గీతలు గీసుకునే పుల్ల ఒకటి జారి నా కాఫీ కెటిల్లో పడింది. అతని జేబులోది కాబట్టి అది పూర్తిగా ఎర్రబారిపోయి ఉంది. నేను తిట్లు లంకించుకున్నాను. మంచును కరిగించి కాచుకున్న నీళ్ళు మరి. పట్టకారు వెతికి బయటికి తీసేసరికి కాస్త ఆలస్యమైంది. చూస్తే ఎరుపు లేదు. పుల్ల నల్లగా, మఖమల్లు గుడ్డ చుట్టినట్టు ఉంది. బావ చొక్కా అంచుతో రుద్దాడు. పైన ఉన్న పొడి రాలిపోయి, లోపల నీలం కలిసిన బూడిద రంగు తేలింది. మళ్ళీ మళ్ళీ రుద్దినా అది పోలేదు.

"బావా, నా కాఫీ?" అన్నాను.

అతను వినలేదు. ఆ పుల్లను ఆవిరిలో అటూ ఇటూ తిప్పి చూస్తూ నిలబడ్డాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు, "ఒరే వెండెల్, తుప్పు చచ్చిపోలేదురా. మారిపోయింది."

ఆ మాట నాకు అప్పుడు బుర్రకెక్కలేదు. ఎక్కడానికి ఏళ్ళు పట్టింది. ఎర్ర తుప్పు ఇనుమును తింటుంది. అదే తుప్పును స్వచ్ఛమైన నీళ్ళలో మరిగిస్తే నల్లబడి, ఇనుమును అంటుకుని, ఇంకో ఎర్ర తుప్పును దగ్గరికి రానివ్వదు. దొంగను పట్టుకుని కాపలాకు పెట్టుకున్నట్టు. ఇది తెలిశాక కూడా నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. పాకం వండేవాణ్ణి, మరిగిస్తే నీళ్ళు బంగారమవడం ఏటా కళ్ళతో చూసేవాణ్ణి, అయినా సరే.

ఆ తరవాత బావకు అదే లోకమైపోయింది. గడియారాల మరలు, కత్తెరలు, చేపల గాలపు చక్రాల్లో ఉండే చిన్న చిన్న ముక్కలు, వడ్రంగుల మూలమట్టాలు, ఊళ్ళో ఎవరి ఇంట్లో చిన్న ఉక్కు వస్తువు కనపడినా అడిగి తెచ్చుకునేవాడు. ముందు జిడ్డు చుక్క లేకుండా కడగాలి. ఆ పైన ఉత్త వేలు తగలకూడదు, తగిలితే అక్కడ మచ్చ. తీగకు కట్టి వేలాడదీసి, వెనిగర్లో ఇనుప రజను నానబెట్టి ఇంకేదో కలిపిన మందును దూదితో పల్చగా పూయాలి. ఆ ఇంకేదో ఏమిటో నాకు ఎన్నడూ చెప్పలేదు. చెమ్మగా ఉన్నచోట ఉంచితే సన్నటి తుప్పు లేస్తుంది. మరిగించాలి. నల్లబడ్డాక పైపొడిని మెత్తటి ఇనుప పీచుతో రుద్దెయ్యాలి. మళ్ళీ మందు, మళ్ళీ తుప్పు, మళ్ళీ మరగడం. పూత పూతకూ రంగు లోతుకు దిగుతుంది. చివర్లో నూనె పట్టిస్తే, సాయంత్రం ఏరు గడ్డకట్టే ముందు ఉండే రంగు వస్తుంది.

మా అక్క అల్థియా మాత్రం అతన్ని వంటింట్లోంచి గెంటేసింది. "ఇల్లంతా వెనిగర్ కంపు, సూప్ గిన్నెలో మరలు! నేను పెళ్ళి చేసుకున్నది మనిషినా, తుప్పునా?" అని. దానికితోడు ఆవిడ చర్చికి వేసుకెళ్ళే తెల్ల తొడుగులు రెండు జతలు మాయమయ్యాయి. ముట్టుకోకుండా పట్టుకోవాలంటే బావకు అంతకన్నా మెత్తటివి దొరకలేదు. ఎండాకాలం నేలమాళిగలో, మార్చిలో నా కొట్టంలో పని సాగించేవాడు. నా కొట్టపు ఆవిరికి తుప్పు ఎంత సమానంగా లేస్తుందో చెబుతూ ఉంటే, నేనేదో దానికోసమే పాకం వండుతున్నాననిపించేది.

ఇదంతా ఒక సరదాగా గడిచిపోయేదే. కానీ అతనికి ఒక కూతురుంది, లోర్నా. దాని చేతులూ అవే చేతులు.

బడిలో ఇచ్చిన వృత్తలేఖిని నెల తిరక్కుండా ఎర్రబడినప్పుడు తెలిసింది మాకు. బావ ఆ రోజు అన్నం ముట్టలేదని అక్క చెప్పింది. ఆ చేతుల్లోనే అంత పనితనమూ ఉంది. నా పాలు పితికే యంత్రం ఆగిపోతే కంపెనీ మనిషికి కబురు పెట్టడం మానేశాను, లోర్నాను పిలిచేవాణ్ణి. ఆకురాయి పట్టి ఉక్కు ముక్కను చదును చేస్తే, దానిమీద పెట్టిన గాజుపలక కదలకుండా అంటుకుపోయేది. డెబ్బైల్లో ఆడపిల్లల్ని కూడా టూల్‌రూమ్‌లోకి తీసుకుంటామని ఫ్యాక్టరీ వాళ్ళు ప్రకటించారు. ఊళ్ళో అందరికన్నా ముందు అర్జీ పెట్టింది లోర్నాయే. మేస్త్రీ లైల్ గుడెనో దాని పనితనం చూసి సరేనన్నాడు. ఇక మిగిలింది చెయ్యి పరీక్ష. మార్చిలో ఊరి సభ జరిగిన వారమే, శుక్రవారం రమ్మన్నాడు.

లైల్, బావ ఒకే రోజున ఆ దిమ్మ పట్టుకున్నవాళ్ళు. లైల్ లోపలికి వెళ్ళాడు, బావ ఫౌండ్రీకి వెళ్ళాడు. వాళ్ళ మధ్య పగలేమీ లేదు, మాటలూ లేవు. ఎదురైతే టోపీ తాకి పోయేవాళ్ళు.

ఊరి సభ రోజున పొద్దుటి నుంచి రోడ్ల మీద మంచు తోసే బండి కొత్తది కొనాలా వద్దా అని కొట్టుకుని, మధ్యాహ్నం అందరం టౌన్ హాల్లో బీన్సూ, 'పై' అనే తీపి రొట్టే తింటున్నాం. ఇరవై ఏళ్ళుగా సభలో నోరు విప్పని మా బావ లేచి లైల్ బల్ల దగ్గరికి నడిచాడు.  నా రొట్టె ముక్క పట్టుకుని నేనూ వెనకాలే వెళ్ళాను.

"లైల్, ఆ దిమ్మ ఒకసారి నాకిస్తావా?"

"ఏ దిమ్మ?"

"పరీక్ష దిమ్మ."

లైల్ ఫోర్కు కింద పెట్టాడు. "ఏంటి ఓరిన్, మళ్ళీ పరీక్షకి కూర్చుంటావా ఏంటి? ఇప్పుడా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బావ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "సగం నల్లగా చేసిస్తా. సగం మీ పద్ధతిలోనే తెల్లగా ఉంచుతా. అమ్మాయి రెండిటినీ కలిపి పట్టుకుంటుంది. తెల్ల సగం ఏమవుద్దో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నల్ల సగం చూసి చెప్పు."

"గేజీకి కొలత తీసే మొహం నల్లగా ఉంటే కుదరదు కదయ్యా."

"మొహం ఎవడు ముట్టుకుంటాడు? పట్టుకునేది నడుమేగా."

లైల్ తన పళ్ళెంలోని రొట్టె వైపు చూశాడు, అందులో ఏదో రాసి ఉన్నట్టు. "నల్ల సగం మీద ఒక్క వేలి గుర్తు లేచినా నేను తీసుకోను. ఊరి మొహం చూసి తీసుకోమన్నా తీసుకోను."

"లేస్తే ఫౌండ్రీ గేటెక్కడో నాకు తెలుసు. దానికీ చూపిస్తా," అన్నాడు బావ.  

ఆ సాయంత్రమే దిమ్మ నా కొట్టానికి వచ్చింది. అరచేతిలో పట్టేంత ముక్క, అందులో నా మొహం నాకు కనపడింది, గడ్డం గీసుకోవలసిందన్న సంగతితో సహా. బావ వచ్చీ రాగానే నా మీద పెత్తనం మొదలుపెట్టాడు. పాకం పొంగకుండా పెనం మీద ఉప్పు పంది మాంసం ముక్క వేలాడదీయడం మా తాతల నాటి అలవాటు. నురుగు దాన్ని తాకితే అణిగిపోతుంది. అది తీసెయ్యమన్నాడు, ఆ కొవ్వు ఆవిరిలో కలుస్తుందట. తీసేశాను. పొంగు వచ్చినప్పుడల్లా ఫర్ చెట్టు కొమ్మతో కొట్టుకుంటూ నిలబడ్డాను. మేనకోడలి కోసం కాబట్టి సరిపోయింది, ఇంకెవరైనా అయితే ఆ కొమ్మ బావ వీపు మీద విరిగేది.

మొదటి తుప్పు లేచింది. అద్దం లాంటి ఉక్కు మీద నారింజ రంగు నూగు పరుచుకుంది. బావ తొడుగుల చేత్తో తీగ పట్టుకుని పొయ్యి మీది గిన్నెలోకి దించాడు. నేను కొమ్మ పక్కన పెట్టి వంగి చూశాను. నీళ్ళు మరుగుతున్నాయి, బుడగల మధ్య ఆ ఎరుపు ఒక అంచు నుంచి ముదిరి, గోధుమరంగై, చూస్తూ ఉండగానే నల్లటి నలుపైపోయింది. గిన్నెలో నీళ్ళకు రంగు అంటలేదు. ఏదీ ఎక్కడికీ పోలేదు, ఏదీ కొత్తగా రాలేదు. నాకు ఒళ్ళు జలదరించింది. చర్చిలో ఎన్నోసార్లు జలదరించాలని ప్రయత్నించి కుదరక ఊరుకున్నవాణ్ణి నేను. బావా నేనూ ఇద్దరం టోపీలు తీసి ఉన్నామని తరవాత చూసుకున్నాను. ఆవిరికే తీశామో మరెందుకో తెలియదు.

మర్నాడు రెండో పూత మరిగే వేళకు లోర్నా మంచులో పడుతూ లేస్తూ కొండెక్కి వచ్చింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, చలికి కాదు.

"నాన్నా! టౌన్ హాల్లో ఊరంతా చూస్తుండగా లైల్‌ని బతిమాలావంట?"

"బతిమాలలా. అడిగా," అన్నాడు బావ, గిన్నెలో నీళ్ళు తగ్గాయని బకెట్ ఎత్తుతూ.

"ఎవరడగమన్నారు నిన్ను? జోసెఫ్ కొట్లో నవ్వుకుంటున్నారు. తుప్పు ఓరిన్ కూతురికి తుప్పు దిమ్మంట! నా చేతులు నావి. తప్పితే తప్పుతా. నాకోసం ఎవరూ అడుక్కోనక్కర్లా."

"నీ చేతులు నీవి కావే." బావ బకెట్ వంచి నీళ్ళు పోశాడు, దిమ్మ ముంచాడు, కూతురి వైపే చూస్తున్నాడు. "నావి. నేనిచ్చినవి. దీనికి మించి నేనిచ్చిందేముంది నీకు? ఇచ్చిందే ఇది. దీనికి బాధ్యత నాది కాకపోతే ఎవరిది?"

 ఏడుపు వస్తే దాహమేస్తుంది లోర్నాకు, చిన్నప్పటి నుంచీ అంతే. బావ కింద పెట్టిన బకెట్లో గరిటె ముంచి గడగడా తాగింది. తాగి, గరిటెను ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నాన్నా, ఇది మంచు నీళ్ళు కాదు."

కొట్టంలో రెండు బకెట్లున్నాయి పక్కపక్కన. ఒకటి కరిగించిన మంచు, ఒకటి చెట్ల నుంచి తెచ్చిన మేపుల్ నీరు. రెండూ ఒకేలా తేటగా ఉంటాయి, నాలుక మీద వేసుకుంటే తప్ప తేడా తెలియదు. ఇన్నేళ్ళుగా ఒక్క చుక్క నీటికి కూడా పొరపాటు పడని మనిషి, కూతురి మొహం చూస్తూ తియ్యనీళ్ళలో దిమ్మను మరిగించాడు.

తీసి చూస్తే ఏముంది, జిగురు. గోధుమరంగు మచ్చలు, అక్కడక్కడా మాడిన పొర, ఒక మూల ఇంకా ఎరుపు. రుద్దితే కొంత వచ్చింది, కొంత రాలేదు. బావ దాన్ని పలక మీద పెట్టి, బెంచీ మీద కూలబడ్డాడు. తెల్ల తొడుగుల చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు, ఫోటో తీయించుకోవడానికి వచ్చినవాడిలా. నాకు అతన్ని చూస్తే భయమేసింది. తిట్టినా బావుండేది, ఏదైనా విసిరికొట్టినా బావుండేది.

అప్పుడు లోర్నా కోటు విప్పింది. బావ పెట్టెలోంచి రెండో జత తొడుగులు తీసి వేసుకుంది. "వెనిగర్ ఎక్కడ మామయ్యా?" అంది నన్ను.

"లోర్నా, టైము లేదే," అన్నాడు బావ.

"ఉన్నంత ఉంది. లే నాన్నా. అంతా కరిగించేద్దాం. మళ్ళీ మొదట్నించి. నువ్వు చెప్పు, నేను చేస్తా."

ఆ తరవాత నేను చూసింది నాకు చచ్చేదాకా గుర్తుంటుంది. వెనిగర్లో నానబెట్టి పాత నలుపంతా తీశారు. సన్నరాయి మీద దిమ్మను లోర్నా మెరుగుపెట్టింది, దిమ్మను నిలువుగా తిప్పాల్సిన చోట బావ ఒక్క మాట అనేవాడు, అంతే. ఊరు ఊరంతా పనికిరావని తోసేసిన నాలుగు చేతులు, తెల్ల తొడుగుల్లో, నా పొయ్యి వెలుగులో, మాట్లాడుకోకుండానే ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి. దూది ఒకరు ఇస్తే ఒకరు అందుకున్నారు. ఒకరు తీగ ఎత్తితే ఒకరు గిన్నె జరిపారు. తండ్రీ కూతుళ్ళు ఒకే మనిషిలా పనిచెయ్యడం నేను అంతకుముందు చూడలేదు. పాకం పొంగి పొయ్యిలోకి కారి మాడు వాసన వచ్చేదాకా నాకు పెనం సంగతే గుర్తులేదు.

నీళ్ళ బకెట్ మాత్రం ప్రతిసారీ ముగ్గురం రుచి చూశాం.

గురువారం పొద్దుగూకేసరికి కావలసినన్ని పూతలు పడలేదు. ఇంకా రెండుంటే ధైర్యంగా ఉండేదని బావ అన్నాడు. ఉన్న రంగు లేత నీలం, లోతు తక్కువ. సగాన్ని మళ్ళీ రాయి మీద తెల్లగా మెరుగుపెట్టి, నలుపు సగానికి నూనె పట్టించి తుడిచి, గుడ్డలో చుట్టాడు. శుక్రవారం లోర్నా వెళ్ళి లైల్ ఎదుట దిమ్మ పట్టుకుని వచ్చింది. "ఏం మాట్లాడాడే?" అంటే, "మామయ్య ఆవులు ఎన్ని ఈనాయని అడిగాడు," అంది. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని కూర్చుంది ఆ సాయంత్రమంతా.

సోమవారం నేను లైల్‌కి పాకం డబ్బా ఇచ్చే వంకతో ఫ్యాక్టరీకి వెళ్ళాను. వంక ఎంత పాతదైనా పనిచేస్తుంది. టూల్‌రూమ్‌లో లోర్నా బల్ల ముందు నిలబడి ఉంది. గుమ్మంలో బావ. ఫౌండ్రీ నుంచి అలాగే వచ్చాడు, మొహం నిండా నల్ల ఇసుక, కనురెప్పలు మాత్రమే తెల్లగా. గుమ్మం దాటి ఒక్క అడుగు కూడా లోపలికి వెయ్యలేదు. లోపల పనిచేస్తున్నవాళ్ళు యంత్రాలు ఆపేశారు.

లైల్ తాళం తీసి సొరుగు లాగాడు.

తెల్ల సగం ఎర్రగా ఉంది. ఒక వేలు కాదు, నాలుగు వేళ్ళూ, బొటనవేలి సుడి, అరచేతి మడత, అంతా రాసినట్టు. లోర్నా కళ్ళు మూసుకుంది. లైల్ దిమ్మను తిప్పాడు. నల్ల సగం మీద ఏమీ లేదు. అతను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. భూతద్దం పెట్టాడు. జేబులోంచి తెల్లగుడ్డ తీసి తుడిచి, గుడ్డను చూశాడు. మళ్ళీ భూతద్దం పెట్టాడు. ఆ ఎరుపు చెయ్యి దిమ్మ నడుమ దాకా వచ్చి, నలుపు మొదలైన గీత దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. అదే చెయ్యి, అదే చెమట, అదే ఉక్కు. బొటనవేలి సుడి సగం ఉంది, సగం లేదు.

గదిలోని వాళ్ళందరూ ఒక్కొక్కరే వచ్చి చూశారు.  వాళ్ళలో ఒక ముసలాయన ఆ గీత మీద గోటితో గీరి చూశాడు, తరవాత గుమ్మంలో ఉన్న బావ వైపు చూశాడు.

లైల్ చివరికి అన్నాడు, "అమ్మాయ్, నల్లగా ఉన్నచోట నీ ఇష్టం వచ్చినట్టు పట్టుకో. తెల్లగా ఉన్నచోట వేలు పెట్టావంటే చేతులు విరగ్గొడతా. రేపు ఏడింటికి రా."

లోర్నా తలూపింది, నోరు తెరిస్తే ఏమవుతుందో దానికే తెలుసు. నేను మాత్రం పాకం డబ్బాకు మొహం అడ్డం పెట్టుకున్నాను.

లైల్ గోడ దగ్గరికి వెళ్ళి, చెక్క పళ్ళెంలో వరసగా పేర్చిన గేజీలు తీసుకుని గుమ్మం దాకా నడిచాడు. ఆ గదిలోని గేజీలు, అద్దాల్లా మెరుస్తున్నాయి. "ఓరిన్, పిల్ల వాడేవి ఇవి. మొహాలు వదిలేసి పట్టుకునేచోటంతా నీ నలుపు పట్టించు. ఇవి అయ్యాక మిగతావీ చూద్దాం."

బావ వెనక్కి తిరిగి చూశాడు, తన వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. కంగారుగా జేబులు తడుముకున్నాడు. "తొడుగులు... తొడుగులు తేలేదు లైల్. ఆ బల్ల మీద పెట్టు, వెళ్ళి తెచ్చుకుంటా."

"తొడుగులెందుకయ్యా," అన్నాడు లైల్, పళ్ళెం అతని ఛాతీకి ఆనించి. "తుప్పు పట్టించడానికేగా తీసుకెళ్తున్నావు. పట్టుకో."

బావ ఉత్త చేతులతో పట్టుకున్నాడు.